బాబాయి ఎలక్ట్రానిక్ చెయ్యి: పట్టు బాగుంది, బొటనవేలే బాలేదు

మా బాబాయి ఎడమ చెయ్యి అంబాజీపేట దగ్గర పీచు మిషన్‌లో పడి మణికట్టు పైదాకా పోయింది. కాకినాడలో ఒక సెంటర్‌లో ఎలక్ట్రానిక్ చెయ్యి పెట్టించాం. కోనసీమలో ఇంకెవరైనా కొనే ఆలోచనలో ఉంటే పనికొస్తుందని రాస్తున్నా.

పట్టు విషయంలో వంక పెట్టలేం. వేళ్లని మడిచే పెద్ద కండరాలు వేళ్లలో ఉండవు, ముంజేతిలో ఉండి స్నాయువులతో లాగుతాయి. అందుకే చెయ్యి లేకపోయినా బాబాయి పిడికిలి బిగించాలనుకోగానే మిగిలిన ముంజేయి బిగుస్తుంది, సాకెట్ (మిగిలిన చేతికి తొడిగే తొడుగు) లోపలి ఎలక్ట్రోడ్లు ఆ కండరాల విద్యుత్ సిగ్నల్ పట్టుకుని మోటార్లు తిప్పుతాయి. వేలువేలుకీ విడిగా చెప్పక్కర్లేదు. అసలు మన వేళ్లు మాత్రం ఎవరి దారి వాళ్లదిగా ఉంటాయా, చిటికెనవేలు ఒక్కటే మడిచి చూడండి, ఉంగరపువేలు కూడా వెంట వచ్చేస్తుంది. 1998లో సాంటెల్లో అనే శాస్త్రవేత్త బృందం పరిశోధనలో, రకరకాల వస్తువులు పట్టుకుంటున్నట్టు ఊహించుకుని చెయ్యి పెట్టే భంగిమల్లో తేడాలు 80 శాతానికి పైగా, వేళ్లన్నీ కలిసి కదిలే రెండే రెండు ఉమ్మడి కదలికలతో తేలిపోయాయి. ఇటలీలో చేసిన పీసా సాఫ్ట్‌హ్యాండ్ అనే రోబో చెయ్యి 19 కీళ్లని ఒక్క మోటార్‌తో కదిపేది కూడా ఈ ఆధారంతోనే. బాబాయిది అంతటిది కాదు గానీ, బొండం పట్టుకుంటే ఒక్కో వేలు ఆ గుండ్రానికి తగ్గట్టు ఎక్కడికక్కడ ఆగుతుంది, కుడిచేత్తో నింపాదిగా చెక్కుకుంటాడు. అది చూస్తే ఎంత సంతోషమో!

బొటనవేలు దగ్గరే నిరాశ. మన బొటనవేలి మొదట్లో జీను ఆకారపు కీలు ఉంటుంది, దానివల్లే అది అరచేతికి అడ్డంగా వచ్చి మిగతా వేళ్లకి ఎదురు నిలుస్తుంది. దీంట్లో మాత్రం తాళంచెవికి ఒకలా, గ్లాసుకి ఇంకోలా కుడిచేత్తోనే తిప్పుకోవాలి. కుడిచేతిలో సంచీ ఉంటే మనిషి ఏం చేస్తాడు? స్పర్శ కూడా లేదు కాబట్టి పేపర్ కప్పు నలిగిపోయి టీ అంతా ఒలికింది.

ఇక ఉక్కపోత. మే నెలలో సాకెట్‌లో చెమట పట్టి సిగ్నల్ తప్పుతోంది, మూసుకోవాల్సింది తెరుచుకుంటోంది. ఫోన్ చేస్తే "తుడుచుకుని వేసుకోండి" అన్నారు. రెండు లక్షల పైన తీసుకున్నవాళ్లు చెప్పే మాటేనా అది?

పట్టుకి 5కి 4, బొటనవేలికి 2, సర్వీసుకి 1. కొబ్బరికాయలు వలవడానికి దీన్ని వాడొద్దు, బాబాయి ఇప్పటికీ పాత కొక్కెమే తగిలించుకుంటాడు. కొనేముందు ఏసీ గదిలో చూపించి పంపేస్తామంటే ఒప్పుకోకండి, మిట్టమధ్యాహ్నం బయట కాసేపు తిరిగి, చెమట పట్టాక వేళ్లు మూసి తెరిచి చూసి అప్పుడు డబ్బు కట్టండి.