తాండూరు బండలు: పాలమూరు ఎండకు తగిన నేల

పాలమూరు వైపు ఇల్లు కట్టుకునేవాళ్లకు టైల్స్ కన్నా తాండూరు నీలం బండలే మేలు. ఎండాకాలంలో కాలు పెడితే చల్లగా, హాయిగా ఉంటుంది. కొనేటప్పుడు అంచులు చూడండి: ఒకే బండ ఒకచోట 18, ఇంకోచోట 28 మిల్లీమీటర్లు ఉంటే మట్టం కుదరదు, పాలిష్ ఖర్చు పెరుగుతుంది. పొరలు లేచినవి వెనక్కి పంపండి.

కింద 1:6 సిమెంటు ఇసుక మాలు పరిచి, దానిమీద సిమెంటు పాలు పోసి, బండ పెట్టి రబ్బరు సుత్తితో కొట్టాలి. రెండ్రోజులకు నాణెంతో తట్టండి. డొల్లగా మోగిందంటే కింద మాలు అందలేదు. మంచం కోడు పడ్డ రోజు అక్కడే పగులుతుంది. మొహమాటపడకుండా లేపించి మళ్లీ వేయించండి. వారం తడిపాకే పాలిష్.

బాత్రూంలో మాత్రం వద్దు. ఇది సున్నపురాయి, యాసిడ్ చుక్క పడితే బుసబుసా పొంగి మెరుపు పోతుంది. వంటగట్టు మీద నిమ్మరసం, చింతపండు పులుసు కూడా మచ్చ వేస్తాయి, అక్కడికి గ్రానైటే వేయించుకోండి.