బ్రెడ్ పిండికి పది లీటర్ల స్పైరల్ మిక్సర్: ఆరేళ్లు వాడాక

విజయవాడలో మా వంటింట్లో, ఫ్రిజ్ పక్కన నేల మీద పది లీటర్ల స్పైరల్ మిక్సర్ ఉంది. అంటే గిన్నె, మెలికల కడ్డీ రెండూ తిరుగుతూ పిండి పిసికే యంత్రం. 2019 జూన్‌లో కొన్నాను. అప్పటినుంచి వారానికి నాలుగు రోజులు, రోజుకు రెండు వాయిలు దాంట్లోనే పిండి కలుపుతున్నాను. పాలబ్రెడ్, పావ్, గోధుమ బ్రెడ్, అడిగినప్పుడు బన్నులు. మా అపార్ట్‌మెంట్ వాళ్లకూ, దగ్గర్లో ఉన్న రెండు టిఫిన్ సెంటర్లకూ ఇస్తాను. కొత్తగా ఇంట్లో బ్రెడ్ మొదలుపెట్టినవాళ్లు నన్ను మొదట అడిగేది ఏ మిక్సర్ కొనాలనే. కంపెనీ పేరు కంటే ముందు ఆ యంత్రం పిండిని ఎలా పిసుకుతుందో తెలుసుకోవాలి. అది తెలియకే నేను మొదటిసారి డబ్బు పోగొట్టుకున్నాను.

ఆ మొదటిది 2016లో కొన్న ఐదు లీటర్ల స్టాండ్ మిక్సర్. తల పైకి ఎత్తే రకం. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 1200 వాట్స్ అని ఉంది. కేకులకు ఎంత బాగుండేదో చెప్పలేను. తెల్లసొన గిలకొడితే మూడు నిమిషాల్లో నురగ కొండలా లేచేది. కానీ బ్రెడ్ కోసం 600 గ్రాముల మైదా వేస్తే నాలుగో నిమిషానికల్లా తల ఎగిరెగిరి పడేది. నేను ఒక చేత్తో దాన్ని అదిమి పట్టుకుని నిలబడేదాన్ని. చెయ్యి తీస్తే గట్టు అంచుదాకా జరుగుతూ వచ్చేసేది. పద్నాలుగు నెలలకు ఒకరోజు కరకరమని చప్పుడొచ్చి, మోటారు తిరుగుతూనే ఉంది గానీ పిండి పిసికే హుక్ ఆగిపోయింది. మెకానిక్ విప్పి తెల్లటి ప్లాస్టిక్ గేర్ ఒకటి నా అరచేతిలో పెట్టాడు. సగం పళ్లు అరిగిపోయి ఉన్నాయి. కొత్తది వేయించాను, అది కూడా ఏడాది తిరక్కుండానే పోయింది. బరువు మీద పడితే మోటారు కాలకుండా ముందు గేరే తెగేలా కొన్ని మిక్సర్లను కావాలనే అలా చేస్తారని తర్వాత తెలిసింది. మోటారుకు అది మంచిదే. బ్రెడ్ చేసేవాళ్లకు మాత్రం ఆ గేరే అడ్డంకి.

వాట్స్ సంగతి ఒకటి గట్టిగా చెప్పాలి. మన ఇళ్లలో మిక్సీ 750 వాట్స్ ఉంటుంది. పప్పు రెండు మూడు నిమిషాలు రుబ్బితే చాలు, అడుగు వేడెక్కుతుంది. పక్కనే ఉన్న టేబుల్ టాప్ గ్రైండర్ మోటారు చాలావాటిలో 150 వాట్సే. అయినా రాళ్లను మోసుకుంటూ అరగంట ఆగకుండా రుబ్బుతుంది. మిక్సీలో ఉండేది చాలా వేగంగా తిరిగే బ్రష్ మోటారు. గ్రైండర్‌లో ఉండేది నిదానంగా, నిలకడగా తిరిగే ఇండక్షన్ మోటారు, దాని నుంచి బెల్టు. వాట్స్ అంటే యంత్రం లాక్కునే కరెంటు లెక్క. అందులో ఎంత పిండిని తిప్పడానికి పనికొస్తుందో, ఎంత వేడిగా పోతుందో ఆ అంకె చెప్పదు. బ్రెడ్ పిండికి కావలసింది గ్రైండర్ స్వభావం. నా స్పైరల్ మిక్సర్ 750 వాట్సే, అంటే ఒక హార్స్‌పవర్. పాత 1200 వాట్స్ మిక్సర్ మూడుసార్లుగా కలిపే పిండిని ఇది ఒక్క వాయిలో కలుపుతుంది, మోటారు దగ్గర చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంటుంది, అంతే.

పిసికే పద్ధతిలో కూడా తేడా ఉంది. స్టాండ్ మిక్సర్‌లో గిన్నె కదలదు, హుక్ తన చుట్టూ తాను తిరుగుతూ గిన్నె చుట్టూ కూడా తిరుగుతుంది. పిండి ముద్ద కట్టగానే హుక్‌ను పట్టుకుని పైకి పాకుతుంది. ఆ తర్వాత ముద్ద మొత్తం గిన్నె గోడకు టపటపా కొట్టుకోవడమే తప్ప లోపల పిసుకుడు తక్కువ. ప్రతి రెండు నిమిషాలకూ ఆపి కిందికి లాగాల్సి వచ్చేది. స్పైరల్‌లో గిన్నె కూడా తిరుగుతుంది. మెలికల కడ్డీ ఒక పక్కన ఉండి తన దగ్గరికి వచ్చిన పిండినే సాగదీసి మడుస్తుంది. మిగతా ముద్ద ఆ కాస్త సేపూ విశ్రాంతిగా ఉంటుంది. మైదాకు ఆ విశ్రాంతి చాలా ముఖ్యం. రెండు కిలోల మైదా, దాని తూకంలో నూటికి 62 పాళ్ల నీళ్లు, అరగంట నానబెట్టాక తొమ్మిది పది నిమిషాలు తిప్పితే చాలు. చిన్న ఉండ తీసి వేళ్ల మధ్య సాగదీస్తే చిరగకుండా, వెనక వేళ్లు కనిపించేంత పలచటి పొర వస్తుంది. పాత యంత్రంలో ఎప్పుడూ ఆ పొర వచ్చే ముందే భయపడి ఆపేసేదాన్ని. నా బ్రెడ్ మర్నాటికే పొడిపొడిగా రాలిపోవడానికి కారణం అదేనని స్పైరల్ వచ్చాక అర్థమైంది.

డాలస్‌లో మా అక్క దగ్గర అంకర్స్‌రుమ్ అనే మిక్సర్ ఉంది. స్వీడన్‌లో 1940 నుంచి చేస్తున్న యంత్రం అది. అక్కడ ఉన్న నెల రోజులూ దాంట్లోనే చపాతీ పిండి, బ్రెడ్ పిండి కలిపాను. దానికి పైన తల ఉండదు, మోటారు కిందే. ఏడు లీటర్ల గిన్నె తిరుగుతుంటే, గాడులు పడిన రోలర్ పిండిని గోడకేసి నొక్కుతుంది. నీళ్లు ముందు పోసి పిండి తర్వాత వెయ్యాలి. గట్టు మీద కదలకుండా నిలబడుతుంది. వారానికి రెండుసార్లు బ్రెడ్ చేసుకునే ఇంటికి నేనైతే దాన్నే ఎంచుకుంటాను. కానీ అమెరికా నుంచి ఎవరైనా వస్తుంటే ఇలాంటి మిక్సర్ తెప్పించుకుందామని చాలామంది అనుకుంటారు. దయచేసి వద్దు. అక్కడి యంత్రం 120 వోల్టులది, మనది 230. నేరుగా పెడితే కాలిపోతుంది. పెద్ద స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవాలి, పైగా ఇక్కడ రిపేరుకు దిక్కుండదు.

ఇప్పుడు మన ఎండల సంగతి. మిక్సర్ గురించి చెప్పేవాళ్లు దీని మాటే ఎత్తరు, విజయవాడలో మాత్రం సగం పని ఇదే. పిండి కలిపాక 26 డిగ్రీల దగ్గర ఉంటే ఈస్ట్ నిదానంగా, రుచిగా పని చేస్తుంది. రోహిణి కార్తెలో నా వంటిల్లు ఉదయమే 36, డబ్బాలో మైదా 35. దాని పైన యంత్రం రాపిడి వేడి. బేకరీవాళ్లు వాడే లెక్క ఒకటుంది: కలిపిన ముద్దకు కావలసిన వేడిని మూడుతో గుణించి, అందులోంచి గది వేడి, మైదా వేడి, యంత్రం రాపిడి అంకె తీసేస్తే నీళ్లు ఎంత చల్లగా ఉండాలో వస్తుంది. రాపిడి అంకెను మన యంత్రంలో ఒకటి రెండు వాయిలు కొలిచి తెలుసుకోవాలి. నా పాత మిక్సర్‌కు 14 వచ్చింది, స్పైరల్‌కు 8. అంటే మేలో 78లోంచి 36, 35, 8 తీసేస్తే మైనస్ ఒకటి. నీళ్లు అంత చల్లగా ఉండవు కదా, అందుకని మంచు వెయ్యాలి. ఒక గ్రాము మంచు కరిగేటప్పుడు 80 కేలరీల వేడి పీల్చుకుంటుంది కాబట్టి, 34 డిగ్రీల కుళాయి నీళ్లయితే మొత్తం నీళ్ల తూకంలో దాదాపు మూడోవంతు మంచు పడుతుంది. ఫ్రిజ్ నీళ్లయితే గుప్పెడు చాలు. మంచును గుడ్డలో కట్టి బాగా దంచి మొదటే వెయ్యండి, గడ్డలు మిగిలితే పిండి సమంగా కలవదు. పిండిలో గుచ్చి చూసే ప్రోబ్ థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. మొదటి రెండు వేసవుల్లో పులిసిపోయి పారేసిన పిండి తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

సైజు విషయానికొస్తే, లీటర్లు చూడకండి, ఎన్ని కిలోల పిండిముద్ద అని అడగండి. నా పది లీటర్ల దాని మీద నాలుగు కిలోల ముద్ద అని రాసి ఉంది. నేను 3.6 కిలోలు దాటను. బేగల్ (మధ్యలో చిల్లు ఉండే గుండ్రటి బ్రెడ్) లాంటి వాటి గట్టి పిండికి, అంటే నూటికి 55 పాళ్ల నీళ్లే పోసే దానికి, కిలోన్నర మైదాతో ఆపేస్తాను. తక్కువ కూడా పనికిరాదు. 700 గ్రాముల కంటే తక్కువ మైదా వేస్తే కడ్డీకి అందదు, అడుగున అలాగే తిరుగుతూ ఉంటుంది.

ఇక ఇబ్బందులు. గిన్నె బయటికి రాదు. ప్రతిసారీ వంగి, తడిగుడ్డతో లోపలంతా తుడవాలి. నడుం నొప్పి ఉన్నవాళ్లు ఇది బాగా ఆలోచించుకోండి. యంత్రం అరవై కిలోల దాకా ఉంటుంది. లిఫ్టు పాడైన రోజున మూడో అంతస్తుకు ఎక్కించడానికి ముగ్గురు పట్టారు. నాది ఒకే స్పీడు, మొదటి నిమిషంలో మైదా పొగలా లేస్తుంది. కొంచెం ఎక్కువైనా రెండు స్పీడులది కొనాల్సిందని ఇప్పటికీ అనుకుంటాను. కేకు, క్రీము దీంట్లో అవ్వవు. వాటికి చేతి బీటర్ వేరే ఉంచుకున్నాను.

కొన్న వారానికే తడిచేత్తో గిన్నె ముట్టుకుంటే జివ్వుమంది. ఎలక్ట్రీషియన్ చూస్తే తప్పు యంత్రంలో లేదు, మా గోడ సాకెట్‌లో ఎర్త్ వైరే కలపలేదు. స్టీలు యంత్రం, తడి నేల. ఎర్తింగ్ ఉన్న 16 ఆంప్స్ సాకెట్ చూపించుకున్నాకే స్విచ్ వెయ్యండి. ఇది మాత్రం ఎవరూ వాయిదా వెయ్యొద్దు.

ఆరేళ్లలో రిపేర్లు ఇవీ: జాలీ మూత తెరిస్తే యంత్రం ఆగేలా ఒక చిన్న స్విచ్ ఉంటుంది, అందులో పిండి దూరి ఒకసారి మార్చాల్సి వచ్చింది. 2023లో ఒక బేరింగ్. బెల్టు రెండుసార్లు. మొదటిసారి పిండి గట్టిపడగానే కడ్డీ ఆగిపోయి రబ్బరు కాలిన వాసన వస్తే మోటారు పోయిందని ఎంత టెన్షన్ పడ్డానో. మెకానిక్ వెనక రేకు విప్పి, "మేడం, మోటారుకేం కాలేదు. బెల్టు సాగింది" అన్నాడు. అది మామూలు వి-బెల్టు. పాతదాని మీద నంబరు చూపిస్తే ఆటోనగర్‌లో పది నిమిషాల్లో దొరికింది. ఈ యంత్రం మీద నాకు నమ్మకం కుదిరింది ఆ రోజే. దీంట్లో పోయే ప్రతి భాగమూ మన ఊళ్లో దొరుకుతుంది.

నాకు జీఎస్టీతో కలిపి 52 వేలు అయింది. వారానికి ఒక్క బ్రెడ్ చేసుకునేవాళ్లు ఇంత పెట్టొద్దు. మైదా, నీళ్లు కలిపి ఉప్పు, ఈస్ట్ వెయ్యకుండా అరగంట మూతపెట్టి ఉంచండి. ఫ్రాన్స్‌లో బ్రెడ్ పాఠాలు చెప్పిన రేమాన్ కల్వెల్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఆ అరగంటలో పిండి తనంతట తానే సగం సాగుతుంది. తర్వాత చేత్తో ఎనిమిది నిమిషాలు చాలు. స్టాండ్ మిక్సర్ ఇప్పటికే ఉంటే, ఇలా నానబెట్టి, అతి తక్కువ స్పీడులో, అరకిలో మైదా మించకుండా తిప్పండి. గేరు చాలాకాలం నిలుస్తుంది.

వారానికి పది కిలోల మైదా దాటితే మాత్రం స్పైరల్ చూడండి. షాపుకు వెళ్లేటప్పుడు రెండు కిలోల మైదా, ఒక సీసాలో కొలిచిన నీళ్లు తీసుకెళ్లండి. ఖాళీగా తిప్పి చూపిస్తే ఒప్పుకోకండి, మీ పిండి వేసి పది నిమిషాలు ఆపకుండా తిప్పమనండి. ఆ తర్వాత మోటారు రేకు మీద చెయ్యి ఆన్చి చూడండి, వెనక మూత తీయించి బెల్టు నంబరు రాసుకోండి. ఆ రోజే అదే నంబరు బెల్టు ఇంకోటి కొనేయండి. నాది వంటింటి సొరుగులో, చపాతీ కర్ర పక్కనే ఉంటుంది.