సిగ్నల్ కె సర్వర్: పడవలో కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

పడవలోని సెన్సర్ల డేటాను అన్ని పరికరాలూ పంచుకోవడానికి సిగ్నల్ కె సర్వర్ అనే సాఫ్ట్‌వేర్‌ను కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఒక చిన్న రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్ మీద అది ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది, ప్రయాణంలో ఉన్నా, లంగరు వేసి ఉన్నా. గాలి వేగం, లోతు ఫోన్‌లో చూసుకోవచ్చని చాలామంది దీన్ని పెట్టుకుంటారు. అది బాగానే ఉంటుంది కానీ, నాకు ఇంతకాలం వాడాక విలువైనదిగా తోచింది వేరే. తెర మీద కనిపించే ప్రతి అంకె ఏ సెన్సర్ నుంచి వచ్చిందో, ఏ క్షణంలో వచ్చిందో ఇది చెబుతుంది.

ముందు నా పడవలో ఏముందో చెప్పాలి. లోతు, నీటిలో వేగం కొలిచే పాత పరికరాలు ఎన్ఎంఈఏ 0183 పద్ధతిలో మాట్లాడతాయి. అందులో ఒక తీగ మీద పంపేది ఒక్కటే, వినేవి ఎన్నైనా ఉండొచ్చు. మామూలు వేగం సెకనుకు 4,800 బిట్లు, చుట్టుపక్కల ఓడలు ఎక్కడున్నాయో చెప్పే ఏఐఎస్ తీగ మీద 38,400. గాలి సెన్సర్, కంపాస్, ఇంజిన్, ప్లాటర్ (సముద్రపు మ్యాప్ మీద పడవను చూపే తెర) ఎన్ఎంఈఏ 2000 నెట్‌వర్క్ మీద ఉన్నాయి. అది క్యాన్ బస్, అంటే అన్ని పరికరాలూ ఒకే కేబుల్ మీద మాట్లాడుకునే పద్ధతి, సెకనుకు 250 కిలోబిట్లు. బ్యాటరీ మానిటర్‌ది మరో దారి. సిగ్నల్ కె వీటన్నిటినీ విని, ఒకే చెట్టులా అమర్చి, వైఫై మీద ఎవరు అడిగితే వాళ్లకు ఇస్తుంది. లోపల అన్నీ ఎస్ఐ ప్రమాణాల్లోనే ఉంటాయి. ఉష్ణోగ్రత కెల్విన్, కోణం రేడియన్, వేగం సెకనుకు మీటర్లు. ముడి డేటా పేజీ తెరిస్తే సముద్రపు నీరు 300 డిగ్రీలు దాటినట్టు కనబడి కొత్తవాళ్లు కంగారు పడతారు. 273.15 తీసేస్తే సరి. చూసే యాప్‌లు ఆ పని వాటంతట అవే చేసుకుంటాయి.

ఇక లోతు సంగతి. దీనికోసమే ఈ సర్వర్ పెట్టుకున్నా తప్పులేదంటాను. లోతు అనే మాటకు పడవలో మూడు అర్థాలున్నాయి: నీటి ఉపరితలం నుంచి, సెన్సర్ నుంచి, పడవ కింద పొడుచుకొచ్చిన కీల్ అడుగు నుంచి. నా ప్లాటర్‌లో కీల్ కింద ఎంత నీరుందో చూపేలా సవరణ పెట్టి ఉంది. కాక్‌పిట్‌లోని ఇంకో తెర మాత్రం అంతకన్నా ఎక్కువ లోతు చూపేది. రెండూ ఒకే సెన్సర్‌ను వింటున్నాయి. తేడా దాదాపు మీటరు. లోతు తక్కువున్న చోట ఆ మీటరే పడవ తేలడానికీ ఇసుకలో కూరుకోవడానికీ మధ్య తేడా. ఆ ప్లాటర్ తయారీదారు మాన్యువల్ ఈ విషయమే ఎత్తలేదు. సిగ్నల్ కెలో చూస్తే సంగతి వెంటనే తేలింది. ఇది మూడు లోతులను మూడు వేర్వేరు పేర్లతో ఉంచుతుంది, నా దగ్గర నిండి ఉన్నది సెన్సర్ నుంచి కొలిచినది ఒక్కటే. అంటే ప్లాటర్ ఆ సవరణను తన తెరకు మాత్రమే వాడుకుంటోంది, బయటికి పంపడం లేదు. పడవ కొలతలు సర్వర్‌కు ఇచ్చి, కీల్ కింది లోతును ప్లగిన్‌తో (సర్వర్‌కు అదనంగా చేర్చే చిన్న ప్రోగ్రామ్‌తో) లెక్క కట్టించాను. ఇప్పుడు సర్వర్ నుంచి చదివే ప్రతి తెరకూ తను చూపుతున్నది ఏ లోతో తెలుసు.

రెండో పెద్ద ఉపయోగం, ఒకే సంగతిని ఇద్దరు చెప్పినప్పుడు. నా పడవలో ప్లాటర్‌కు ఒక జీపీఎస్, ఏఐఎస్‌కు ఇంకొకటి ఉన్నాయి. రెండూ స్థానం పంపుతాయి, ఎన్ఎంఈఏ 2000 మీదైతే సెకనుకు పది సార్లు దాకా. ఏ నియమమూ లేకపోతే చివర వచ్చినదే నిలుస్తుంది, తెర మీద పడవ గుర్తు అటూఇటూ ఊగుతూ ఉంటుంది. లంగరు వేసిన చోటు నుంచి పడవ జరిగితే మోగే లంగరు అలారానికి అంతకన్నా చెడ్డది లేదు. సర్వర్ సెట్టింగుల్లో మూలాల ప్రాధాన్యం అని ఒక పేజీ ఉంది. అక్కడ ఏ విలువకు ఏ సెన్సర్ మొదటిదో, అది ఎంతసేపు మౌనంగా ఉంటే రెండోదాన్ని నమ్మాలో రాసిపెట్టొచ్చు. అది పెట్టాక అర్ధరాత్రి ఉత్తుత్తి అలారాలు ఆగిపోయాయి, నిద్ర దక్కింది.

నిజగాలి, అంటే పడవ కదలిక ప్రభావం తీసేశాక మిగిలే గాలి, దాని లెక్క దగ్గర కూడా ఇదే జాగ్రత్త కావాలి. గాలి డిస్‌ప్లే ఒక నిజగాలిని లెక్క కడుతుంది, సర్వర్ ప్లగిన్ ఇంకొకటి కడుతుంది. ఒకటి నీటిలో వేగాన్ని ఆధారం చేసుకుంటే, ఇంకొకటి జీపీఎస్ వేగాన్ని తీసుకోవచ్చు. ప్రవాహం బలంగా ఉన్నచోట రెండూ ఒకటి కావు. ఒకదాన్ని ఆపేయండి.

డేటా వెనక్కి పంపేటప్పుడు ఇంకా జాగ్రత్త. సర్వర్ ఎన్ఎంఈఏ 0183 సందేశాలను ప్లాటర్‌కు ఇస్తే, ప్లాటర్ వాటిని మళ్లీ ఎన్ఎంఈఏ 2000 మీదికి వదిలితే, సర్వర్ తను చెప్పిన మాటనే కొత్త వార్తలా వింటుంది. మూలాల జాబితాలో ఒకే విలువ రెండు పేర్లతో కనిపిస్తే అనుమానించాల్సింది దీన్నే. నేను వెనక్కి పంపేది చాలా తక్కువ. ఆటోపైలట్‌కు కావలసిన దిశ, గాలి నేరుగా బస్ మీదే అందుతాయి, మధ్యలో కంప్యూటర్ లేదు. ఈ విషయంలో నాది గట్టి అభిప్రాయం: సర్వర్ ఆగిపోయినా పడవ నడపడానికి ఏ లోటూ ఉండకూడదు.

వైరింగ్ బాగా లేకపోతే సర్వర్ చేయగలిగింది ఏమీ లేదు. ఎన్ఎంఈఏ 2000 ప్రధాన కేబుల్‌కు రెండు చివర్లా టర్మినేటర్లు, అంటే 120 ఓమ్‌ల రెసిస్టర్లు, ఉండాలి. కరెంటు ఆపి రెండు డేటా తీగల మధ్య కొలిస్తే 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక టర్మినేటర్ లేదనో, ఊడిందనో అర్థం. ప్రధాన కేబుల్ నుంచి పరికరానికి వెళ్లే కొమ్మ 6 మీటర్లు దాటకూడదు. డేటా వచ్చి పోతూ ఉంటే సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టే ముందు మల్టీమీటర్ తీయండి.

కంప్యూటర్‌కు మంచి డీసీ కన్వర్టర్ తప్పనిసరి. ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు వోల్టేజీ పడిపోతుంది, రాస్ప్‌బెర్రీ పై మళ్లీ మొదటినుంచి లేస్తుంది. అలా హఠాత్తుగా కరెంటు పోతుంటే మెమరీ కార్డులో ఫైళ్లు పాడవుతాయి. నేను ఎస్ఎస్‌డీకి మారాను, బ్యాకప్ ఒకటి పక్కన ఉంచుకుంటాను. లాగిన్ భద్రత కూడా మొదటిరోజే ఆన్ చేయండి. కొత్త యాప్ అనుమతి అడుగుతుంది, చదవడానికి మాత్రమే ఇస్తే చాలు.

నేను అనుకోని లాభం పాత లెక్కలు. డేటాను ఇన్‌ఫ్లక్స్‌డీబీ అనే డేటాబేస్‌లో దాచి, గ్రఫానా అనే ప్రోగ్రామ్‌లో గీతలుగా చూస్తాను. ఒక సీజన్‌లో అవే ఆర్‌పీఎంల దగ్గర ఇంజిన్ నీటి వేడి మెల్లగా పైకి పాకుతోందని గమనించాను. అలారం మోగే స్థాయికి చాలా దూరం, డయల్ చూస్తే తెలిసేది కాదు. ఇంజిన్‌ను చల్లబరిచే నీటి పంపు విప్పితే, లోపల నీటిని తోసే ఇంపెల్లర్ రెక్కల్లో పగుళ్లు. వేడి, ఆర్‌పీఎం, సముద్రపు నీటి ఉష్ణోగ్రత మూడూ ఒకే గడియారంతో పక్కపక్కన ఉండబట్టే ఇది దొరికింది. నీళ్లు వెచ్చబడటం వల్ల కాదని ఆ మూడో గీత చెప్పింది.

ఎవరికి పనికొస్తుంది? ఒకే కంపెనీ పరికరాలు, అన్నీ కొత్తవి ఉన్నవాళ్లకు దీని అవసరం అంతగా ఉండదు. పాతవీ కొత్తవీ కలిసి, ఒక్కొక్కటీ ఒక్కో భాషలో మాట్లాడే పడవకు దీన్ని మించింది నేను చూడలేదు. ఉచితం, ఓపెన్ సోర్స్. కాకపోతే ఓపిక కావాలి. సెట్టింగుల పేజీలు ఇంజనీర్ల కోసం రాసినట్టుంటాయి.

ఇంకా పూర్తిగా తీరని చిక్కు ఒకటి ఉంది, ఇన్‌స్టెన్స్ నంబర్లది, అంటే ఒకే రకం సెన్సర్లను వేరుగా గుర్తించే నంబర్లది. రెండు మంచినీళ్ల ట్యాంకులు ఉండి, రెండు సెన్సర్లూ 0 అనే నంబరుతోనే వస్తే, తెర మీద ఒకే ట్యాంకు నిండుతూ ఖాళీ అవుతూ కనిపిస్తుంది. నంబరు సెన్సర్‌లోనే మార్చాలి, కొన్ని సెన్సర్లు దానికి వీలివ్వవు. అందుకే సెన్సర్ కొనేముందు నేను దాని కచ్చితత్వం కన్నా ముందు అడిగేది ఆ నంబరు మార్చుకోవచ్చా అనే.