సోలో ఎక్సోమా, ట్రయోనా: ఏది మేలు?

డాక్టర్ ఎక్సోమ్ (జన్యువుల్లో ప్రోటీన్ల తయారీకి పనికొచ్చే భాగాలన్నీ ఒకేసారి చదివే టెస్టు) రాసిచ్చాక తల్లిదండ్రులు నన్ను అడిగేది ఒకటే: "పాపకి ఒక్కదానికే చేయిస్తే సరిపోదా, మా ఇద్దరి రక్తం కూడా ఎందుకండీ?" బిడ్డకి ఒక్కరికే చేస్తే సోలో, అమ్మానాన్నలతో కలిపి ముగ్గురికీ చేస్తే ట్రయో. ట్రయోకి చాలా ఎక్కువ ఖర్చవుతుంది, అడగాల్సిన మాటే.

ఫలానా జబ్బేనని డాక్టర్‌కి గట్టి అనుమానం ఉంటే అసలు ఎక్సోమ్ దాకా వెళ్లక్కర్లేదు. డుషెన్, ఎస్ఎంఏ (రెండూ కండరాలు బలహీనపడే జబ్బులు) అయితే ముందు ఎంఎల్‌పీఏ (జన్యువులో ముక్కలు పోయాయా, ఎక్కువయ్యాయా అని చూసే టెస్టు) చేయిస్తారు. ఫ్రాజైల్ ఎక్స్ (బుద్ధిమాంద్యం తెచ్చే జన్యు జబ్బు) మామూలు ఎక్సోమ్‌లో దొరకదు, దాని టెస్టు వేరు.

ఎక్సోమే అని తేలితే నేను చూసేది ఒక్కటే: రిపోర్టులో వీయూఎస్ అని వస్తే ఏం చేస్తారు? జన్యువులో మార్పు కనిపించింది, జబ్బుకి కారణం అదో కాదో చెప్పలేం అని దానర్థం. ఆ మూడక్షరాలు పట్టుకుని రాత్రంతా గూగుల్‌లో వెతికే వాళ్లను చాలామందిని చూశాను. సోలోలో వీయూఎస్ వస్తే డాక్టర్ చాలాసార్లు అమ్మానాన్నల శాంపిల్ అడుగుతారు. ఆరోగ్యంగా ఉన్న తండ్రిలోనూ అదే మార్పు ఉంటే అనుమానం తగ్గుతుంది, ఇద్దరిలోనూ లేకుండా పాపలోనే కొత్తగా వచ్చి ఉంటే పెరుగుతుంది. అంటే ఊదారంగు మూత ట్యూబులో మళ్లీ రక్తం, మళ్లీ వారాల తరబడి టెన్షన్. ఈలోపు నాన్న దుబాయ్ వెళ్లిపోయి ఉంటే ఇంకా ఆలస్యం. ట్రయోలో ఈ పోలికంతా మొదటి రిపోర్టులోనే అయిపోతుంది. ఒకే జన్యువులో రెండు మార్పులు కనిపిస్తే అవి చెరొకరి నుంచి వచ్చాయా, ఒక్కరి నుంచేనా అన్నదీ అందులోనే తెలుస్తుంది.

డాక్టర్లు పెద్దగా మాట్లాడని సంగతి ఇంకోటి ఉంది. పిల్లకి జబ్బంటే మన ఇళ్లలో ముందు తల్లి వైపే వేలు చూపిస్తారు. "మా వంశంలో ఇలాంటివి లేవమ్మా" అని మా అత్తగారు ఎన్నిసార్లు అన్నారో! మా బాబు ట్రయోలో ఆ మార్పు నాలోనూ లేదు, మా ఆయనలోనూ లేదు, వాడిలోనే కొత్తగా వచ్చింది. మళ్లీ బిడ్డ పుడితే అదే వచ్చే అవకాశం సుమారు 1 శాతం అని జెనెటిక్ కౌన్సెలర్ చెప్పారు. ఆ రోజు నుంచి ఇంట్లో ఆ మాట మళ్లీ వినలేదు. రిపోర్టు ఒక్కోసారి ఎదురు కూడా తిరగొచ్చు. ఎవరి నుంచి వచ్చిందో అందులో రాసి ఉంటుంది కాబట్టి, ఇద్దరూ కౌన్సెలర్‌తో ముందే మాట్లాడుకున్నాకే శాంపిల్ ఇవ్వండి.

మేనరికమైతే నా లెక్క వేరు. అక్కడ చాలావరకు ఒకే మార్పు అమ్మ నుంచీ నాన్న నుంచీ వస్తుంది కాబట్టి సోలో చేయించి, దొరికిన ఆ ఒక్క మార్పుకి ఇద్దరికీ సాంగర్ టెస్టు (జన్యువులో ఆ ఒక్క చోటే చదివి చూసేది) చేయిస్తే చాలాసార్లు పని జరిగిపోతుంది, డబ్బూ మిగులుతుంది. ఇద్దరూ క్యారియర్లని (జబ్బు లేకుండా ఆ మార్పును మోసేవాళ్లని) తేలితే ప్రతి కాన్పులోనూ 25 శాతం రిస్కు ఉంటుంది. కాబట్టి ఇంకో బిడ్డ అనుకునేవాళ్లు ఈ సాంగర్‌ని ఎట్టి పరిస్థితుల్లోనూ వదలొద్దు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు నిమ్స్ మెడికల్ జెనెటిక్స్ విభాగంలో ఒకసారి అడిగాకే డబ్బు కట్టండి.

హోల్ జీనోమ్ (డీఎన్ఏ మొత్తాన్నీ చదివే టెస్టు) గురించీ అడుగుతున్నారు. ఎక్సోమ్‌లో ఏమీ తేలకపోతే అప్పుడు చూద్దాం.

ఏది చేయించినా ల్యాబు నుంచి డేటా ఫైళ్లు కూడా అడిగి తీసుకోండి. ఏడాది, రెండేళ్లయ్యాక అదే డేటాని మళ్లీ విశ్లేషిస్తే కొందరికి జవాబు దొరుకుతోంది.