జ్విఫ్ట్ లీడర్‌బోర్డ్: మనకన్నా పైనున్నవాడు నిజంగా మనకన్నా వేగమా?

హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఇంటర్వెల్స్ (కాసేపు గట్టిగా, కాసేపు నెమ్మదిగా సైకిల్ తొక్కే సాధన) కొట్టడం కుదరక ట్రైనర్ (సైకిల్‌ని బిగించి ఇంట్లోనే తొక్కే యంత్రం) కొని, జ్విఫ్ట్ అనే ఆన్‌లైన్ సైక్లింగ్ ఆటలోకి దిగాను. ఏళ్లు గడిచాయి, ఇంకా తొక్కుతూనే ఉన్నాను. ఆట మీద నాకు ఫిర్యాదు లేదు. ఈ సమీక్ష తెర పక్కన ఎవరిది ఎన్నో స్థానమో చూపించే ఆ పేర్ల పట్టీ, అంటే లీడర్‌బోర్డ్ గురించి మాత్రమే.

లీడర్‌బోర్డ్ అన్యాయం అనగానే అందరూ మోసగాళ్ల మీద పడతారు. మోసాలు లేవని కాదు. 2019లో బ్రిటిష్ ఈ-రేసింగ్ టైటిల్ గెలిచిన కామెరాన్ జెఫర్స్ దగ్గర్నుంచి ఆ టైటిల్ వెనక్కి తీసుకున్నారు. ఆరు నెలల నిషేధం, 250 పౌండ్ల జరిమానా కూడా పడ్డాయి. ఆటలో యాభై వేల మీటర్ల ఎత్తు ఎక్కితే గానీ దక్కని 'ట్రాన్' అనే సైకిల్‌ని కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నకిలీ రైడ్లు నడిపి సంపాదించి, దాని మీద రేసు తొక్కాడు. కానీ మనలాంటి సి కేటగిరీ (పై నుంచి మూడో స్థాయి) వాళ్ల స్థానాలు తారుమారయ్యేది ఇలాంటి ఘనులతో కాదు. బరువుతో, ట్రైనర్‌తో.

బరువు ఎవరికి వాళ్లు టైపు చేసుకునేదే. ఆటలోని ఆల్ప్ డు జ్విఫ్ట్ అనే కొండదారి తీసుకోండి: పన్నెండు కిలోమీటర్ల పైచిలుకు, 21 మలుపులు, వెయ్యి మీటర్లకు పైగా ఎక్కుడు. అక్కడ నడిచేది కిలో బరువుకి ఎన్ని వాట్ల శక్తితో తొక్కుతున్నాం అన్న లెక్కే. 70 కిలోల మనిషి 210 వాట్లు తొక్కితే కిలోకి 3.0. అతనే ప్రొఫైల్‌లో 66 అని రాసుకుంటే 3.18. గంట దాటాల్సినవాడు గంటకు అటూ ఇటూగా పైకి చేరిపోతాడు. ఇందులో అబద్ధం ఆడాలనే ఉద్దేశం కూడా అక్కర్లేదు, సంక్రాంతికి ముందు తూచుకున్న బరువును ఉగాదికి కూడా అలాగే ఉంచేస్తే చాలు. ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది: పొట్టి అని రాసుకుంటే గాలి తక్కువ తగులుతుంది.

ఇక ట్రైనర్లు. పాత తరహావి, వెనక టైరుని రోలర్‌కి అదిమేవి, వాట్లు కొలవవు. చక్రం వేగాన్ని బట్టి జ్విఫ్టే అంచనా కడుతుంది. టైర్లో గాలి, రోలర్ బిగింపు మారితే అంకె మారిపోతుంది. వెనక చక్రం తీసేసి చైన్‌ని నేరుగా ట్రైనర్‌కే తగిలించే డైరెక్ట్ డ్రైవ్ చాలా నయం. కానీ నిజాయితీగా కొలిచినా తేడా వస్తుంది: పెడల్ దగ్గర కొలిచేవాడికి చైన్‌లో పోయే శక్తి కూడా కలిసి వస్తుంది, ట్రైనర్ దగ్గర కొలిచేవాడికి రాదు. నా పెడల్స్ ఎప్పుడూ నా ట్రైనర్ కన్నా నాలుగైదు వాట్లు ఎక్కువే చూపిస్తాయి. రెండూ నావే, కాళ్లూ నావే!

కొత్తవాళ్లు ట్రైనర్ డిఫికల్టీ (ఎక్కుడు కాళ్లకు ఎంత తెలియాలో చెప్పే సెట్టింగ్) తగ్గించడం మోసమని గొడవపడుతుంటారు. కాదు. కాళ్లకు ఎక్కుడు తెలిసే తీరు మారుతుందే తప్ప వాట్లకు వచ్చే వేగం మారదు.

పాత కేటగిరీలది ఇంకో రోగం. కిలోకి 3.2 వాట్లు దాటితే బి, లోపలుంటే సి. దాంతో గీత కింద ఉండేలా కాళ్లు దాచుకుని సి రేసులు గెలిచేవాళ్లు తయారయ్యారు. 2024లో వచ్చిన రేసింగ్ స్కోర్ (రేసర్లను స్థాయిలుగా పంచే అంకె) నాకు నచ్చింది, ఎందుకంటే అది రేసు ఫలితాలనీ లెక్కలోకి తీసుకుంటుంది. గెలిచేకొద్దీ పైకి తోస్తుంది. బరువు తప్పు రాసుకున్నవాడు కూడా చివరికి తనను ఓడించేవాళ్ల మధ్యకు చేరతాడు.

పై స్థాయిలో న్యాయం చేయొచ్చని నిరూపణ అయింది. 2020లో యూసీఐ (ప్రపంచ సైక్లింగ్ సంఘం) మొదటి ఈ-స్పోర్ట్స్ ప్రపంచ పోటీకి అందరికీ ఒకే మోడల్ ట్రైనర్ ఇచ్చారు. పెద్ద లీగుల్లో తూకం వీడియో, రెండు పరికరాలతో కొలిచిన వాట్ల రికార్డు అడుగుతారు. మామూలు ఆదివారం రేసుకు ఇవన్నీ ఎవరు చూస్తారు? పైగా మే నెలలో ఒక్క ఫ్యాన్ ముందు తొక్కేవాడికీ, ఏసీ గదిలో తొక్కేవాడికీ మధ్య తేడా ఏ వీడియోలోనూ కనిపించదు.

రైడ్‌లో కనిపించే పట్టీకి అయిదుకి రెండు ఇస్తాను. రేసింగ్ స్కోర్‌ని బట్టి విభజించే రేసులకు నాలుగు. రేసు అవగానే తెర మీది ఫలితం కాకుండా జ్విఫ్ట్‌పవర్ అనే ఫలితాల సైట్‌లోది చూడండి. అంచనా వాట్లవాళ్లను చాలా రేసుల్లో అక్కడ తీసేస్తారు, మీ స్థానం ఒక్కోసారి బాగానే పైకి జరుగుతుంది.