బరంపురం పాత బస్టాండు వెనక బైక్ మేస్త్రి: నేపాల్ వెళ్ళొచ్చాక నా మాట

బండి మీద ఒక్కదాన్నే ఖాట్మండూ వెళ్ళి క్షేమంగా తిరిగొచ్చేసరికి మా వీధిలో అందరూ "నక్క తోక తొక్కి బయల్దేరావే" అంటున్నారు. అదృష్టం కలిసొచ్చిన మాట నిజమే. కానీ అందులో సగం వాటా పాత బస్టాండు వెనక సందులో, బోర్డు కూడా లేని ఒక కొట్టు మేస్త్రిది.

నాది పాత కార్బురేటర్ బండి. సంబల్‌పూర్, రాంచీ, పట్నా మీదుగా రక్సౌల్, బోర్డరు దాటి బీర్‌గంజ్, అక్కణ్ణించి హెటౌడా, దామన్ ఘాటీ అని దారి చెప్తే ఎగాదిగా చూసి, "ఏటమ్మా, ఒక్కర్తివే ఎల్తన్నావా?" అన్నాడు. అంతే. వద్దనలేదు, హితబోధ చెయ్యలేదు.

చెయిన్ సెట్టు, బ్రేక్ షూలు, కొత్త ట్యూబులు ఎవరైనా వేస్తారు. ఈయన పనితనం క్లచ్ వైరు దగ్గర కనిపించింది. పాత వైరు బాగానే ఉంది కాబట్టి తియ్యలేదు. దాని పక్కనే కొత్త వైరు ఒకటి ట్యాంకు కింద నుంచి హ్యాండిల్ దాకా పరిచి, ప్లాస్టిక్ ట్యాగులతో కట్టాడు. రెండు కొసలకీ గ్రీజు పూసి పాలిథిన్ చుట్టాడు. పాతది తెగితే ట్యాంకు విప్పక్కర్లేదు, కింద ఒక కొస, పైన ఒక కొస తగిలిస్తే చాలు. "అక్కడ తెగితే నన్ను పిలుత్తావా? నువ్వే తగిలించు, నేను సూత్తాను" అని నా చేత చేయించాడు కూడా. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడి ఇలాంటి బండ్లు మూలుగుతాయి కదా, కార్బురేటర్ స్క్రూ ఎటు తిప్పాలో తెల్ల పెయింటుతో గుర్తు పెట్టాడు.

ఇక అసలు అదృష్టం సంగతి. బీర్‌గంజ్‌లో బండికి భన్సార్ కట్టాలి, అంటే ఎన్ని రోజులుంటామో అన్ని రోజులకి కస్టమ్స్ రుసుము. ఏ కిటికీ ముందో, ఏది తర్వాతో తెలీక నిలబడితే, నా ఓడీ-07 నంబరు ప్లేటు చూసి ఒకాయన ఒడియాలో పలకరించాడు. మా బరంపురం దగ్గర ఆస్కా మనిషి, బీర్‌గంజ్‌లో హోటల్లో వంట చేస్తాడట. లైన్లో నాతోపాటే నిలబడి కాగితం చేతికొచ్చాకే వెళ్ళాడు. టీ తాగమన్నా తాగలేదు. అది మాత్రం అచ్చంగా నక్క తోకే!

క్లచ్ వైరు దామన్ ఎక్కుతుండగా తెగింది. ఆ రోడ్డు సింభంజ్యాంగ్ దగ్గర 2,488 మీటర్లకి చేరుతుంది, అన్నీ వంపులే. తెగింది మలుపులో కాదు, టీ కొట్టు ముందు చదునులో. అది అదృష్టం. టీ చల్లారేలోపు బండి మళ్ళీ కదలడం మేస్త్రి చలవ. మర్నాడు మబ్బు విడి మంచుకొండలు కనిపించాయి, దానికి ఎవరికి దణ్ణం పెట్టాలో మరి.

లోపాలూ ఉన్నాయి. బిల్లు ఇవ్వడు, అడిగితే సిగరెట్ పెట్టె అట్ట మీద లెక్క రాస్తాడు. నాకు సామానుతో కలిపి నాలుగు వేల లోపే అయింది, తీసేసిన పాత సామానంతా కవర్లో వేసి ఇచ్చాడు, కాబట్టి పేచీ లేదు. "రేపు" అంటే ఎల్లుండి అనుకోండి. ఆడవాళ్ళు వెళ్తే కూర్చోడానికి ఒక పాత టైరు తప్ప ఏమీ లేదు, ఇది మార్చాలి. రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణి జాతర రోజుల్లో కొట్టుకి తాళమే.

ముందుగా ఫోన్ చేద్దామనుకోవద్దు, ఎత్తడు. పొద్దున్నే కొట్టు తీసేసరికి బండి తీసుకెళ్ళి, దూర ప్రయాణమైతే దారి మొత్తం చెప్పండి. దాన్నిబట్టే పని చేస్తాడు.