మర్జా, రీబేసా, స్క్వాషా: టీమ్‌కి ఏది మేలు?

బెంగళూరులో బెళ్లందూరు, మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎక్కడ కొత్త ఉద్యోగంలో చేరినా మొదటి పుల్ రిక్వెస్ట్ (మన మార్పుల్ని చూసి కలుపుకోమని టీమ్‌ని అడగడం) పెట్టేలోపే ఈ ప్రశ్న వస్తుంది. కోడ్‌లో ప్రతి మార్పునీ దాచిపెట్టే గిట్‌లో మన బ్రాంచ్ (మన మార్పులు విడిగా పెట్టుకున్న శాఖ) సిద్ధంగా ఉంటుంది, ఈలోగా మెయిన్ (అందరి పనీ కలిసే అసలు శాఖ) ముందుకెళ్లిపోయి ఉంటుంది. "అన్నా, మెయిన్‌ని మర్జ్ చేసుకోవాలా, రీబేస్ కొట్టాలా?" అని పక్క సీటాయన్ని అడిగితే ఒక జవాబు, ఎదురు సీట్లో అక్కని అడిగితే ఇంకో జవాబు. చాలాసార్లు ఎవరి పాత కంపెనీ అలవాటు వాళ్లు చెబుతారు. నాకైతే ఇది అలవాటుకి వదిలేసే సంగతి అనిపించదు.

ఎందుకంటే బెంగళూరులో ఒక కోడ్‌బేస్ బతికినంత కాలం దాన్ని రాసినవాళ్లు ఆ కంపెనీలో ఉండరు. రెండేళ్లకో మూడేళ్లకో మారిపోతారు. నోటీస్ పీరియడ్‌లో జరిగే కేటీ (పని అప్పగింత) సెషన్లలో ఆర్కిటెక్చర్ బొమ్మలు, డిప్లాయ్‌మెంట్ స్టెప్పులు, యాక్సెస్‌ల లిస్టు, అన్నీ చెబుతారు. ఫలానా ఫంక్షన్లో ఆ ఒక్క ఇఫ్ కండిషన్ ఎందుకుందో మాత్రం ఎవరూ చెప్పరు, అడగాలని కూడా ఎవరికీ తోచదు. ఆ తర్వాత ఎప్పుడో ఆ లైను దగ్గరే ప్రొడక్షన్ ఆగితే, అడగడానికి మిగిలేది గిట్ లాగ్ (మార్పుల చరిత్ర) ఒక్కటే. అందుకే ఈ మూడింటినీ నేను ఒకటే లెక్కతో చూస్తాను: మన తర్వాత వచ్చి, అర్ధరాత్రి ఆ లాగ్ చదవాల్సిన మనిషికి ఏది ఎక్కువ పనికొస్తుంది?

ముందు మూడూ ఏం చేస్తాయో చూద్దాం. మర్జ్ పాత కమిట్లు (ఒక్కో మార్పుని సేవ్ చేసిన రికార్డులు) వేటినీ ముట్టుకోదు, ఇద్దరు పేరెంట్లున్న (అంటే రెండు శాఖల చివరి కమిట్లనీ కలిపే) కొత్త కమిట్ ఒకటి పెడుతుంది. రీబేస్ మన కమిట్లను ఒక్కొక్కటిగా తీసి మెయిన్ చివర్లో మళ్లీ రాస్తుంది. కమిట్‌కి గుర్తింపు నంబరైన హ్యాష్ లెక్కలోకి పేరెంట్ హ్యాష్ కూడా వస్తుంది కాబట్టి, రీబేస్ తర్వాత మన కమిట్లు చూడ్డానికి పాతవిలాగే ఉన్నా గిట్ దృష్టిలో పూర్తిగా కొత్తవి. స్క్వాష్ మర్జ్ అయితే బ్రాంచ్‌లో ఎన్ని కమిట్లున్నా అన్నీ కలిపి మెయిన్ మీద ఒకే కమిట్‌గా పెడుతుంది, ఆ బ్రాంచ్‌తో ఏ బంధుత్వమూ మిగల్చకుండా.

మర్జ్ గురించి చెప్పాలంటే గిట్ పుట్టుక దగ్గరికి వెళ్లాలి. లినక్స్ కెర్నెల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) రాసేవాళ్లు వాడుతున్న బిట్‌కీపర్ అనే ఇలాంటి టూల్‌ని ఉచితంగా వాడుకునే వీలు పోవడంతో 2005 ఏప్రిల్‌లో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ గిట్ రాయడం మొదలుపెట్టారు. ఎక్కడెక్కడి వాళ్లో విడివిడిగా చేసిన పనిని కలపడమే అక్కడ అసలు అవసరం. ఇప్పటికీ కెర్నెల్ చరిత్ర నిండా మర్జ్ కమిట్లే ఉంటాయి. బయటివాళ్లు తీసుకున్న చరిత్రను రీబేస్ చేయొద్దని కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. అందులో బలమైన కారణం ఉంది: ఒక కమిట్‌ని దాని స్థానంలో ఉంచి టెస్ట్ చేశాక, దాన్ని ఎత్తి వేరే చోట పెడితే ఆ టెస్టుకి విలువ పోతుంది.

మర్జ్ మీద అందరూ చెప్పే ఫిర్యాదు లాగ్ గజిబిజి అయిపోతుందని. ఆ ఫిర్యాదులో సగమే నిజం. లాగ్‌కి ఫస్ట్-పేరెంట్ ఆప్షన్ ఇస్తే మెయిన్‌లోకి ఏ ఫీచర్ ఎప్పుడొచ్చిందో వరసగా కనిపిస్తుంది, లోపలి కమిట్లు దాగి ఉంటాయి. తప్పు ఏ కమిట్‌లో దూరిందో సగం సగం చేస్తూ వెతికే బైసెక్ట్‌కి కూడా 2020లో అదే ఆప్షన్ వచ్చింది. మిగతా సగం ఏంటంటే, రోజూ పొద్దున్నే మెయిన్‌ని ఫీచర్ బ్రాంచ్‌లోకి మర్జ్ చేసుకునే అలవాటు. వారం తిరిగేసరికి ఆ బ్రాంచ్‌లో అసలు పని కన్నా మర్జ్ కమిట్లే ఎక్కువ ఉంటాయి, వాటివల్ల చదివేవాళ్లకి ఒరిగేదేమీ లేదు.

అక్కడే రీబేస్ గెలుస్తుంది. ఇంకా ఎవరికీ చూపించని, మన ఒక్కరిదే అయిన బ్రాంచ్ మీద రీబేస్‌ని మించింది లేదు. పని చేస్తూ చేస్తూ "ఫిక్స్", "మళ్లీ ఫిక్స్" అని పెట్టిన కమిట్లను ఇంటరాక్టివ్ రీబేస్‌లో అసలు కమిట్లలో కలిపేసుకోవచ్చు. ఫిక్సప్ కమిట్లు పెట్టుకుంటూ పోతే ఆటోస్క్వాష్ వాటిని చేరాల్సిన చోటికి తనే చేరుస్తుంది. చివరికి మూడు మార్పులు చేస్తే మూడే కమిట్లు, ఒక్కోదానికి ఒక్కో కారణం. తర్వాత బైసెక్ట్ చేసేవాళ్లకి దీని విలువ తెలుస్తుంది: వెయ్యి కమిట్ల మధ్య తప్పు ఎక్కడ దూరిందో పది అడుగుల్లో తేలుతుంది. అయితే తేలిన కమిట్ చిన్నదై, దానికదే బిల్డ్ అయ్యేదై ఉండాలి.

రీబేస్‌లో కొత్తవాళ్లు చిక్కుకునే చోటు ఒకటుంది, దాన్ని ఎవరూ సరిగ్గా చెప్పరు. కాన్‌ఫ్లిక్ట్ (ఒకే చోటుని రెండు వైపులా మార్చడం) వచ్చినప్పుడు "అవర్స్" అంటే మన మార్పు అనుకుంటాం. మర్జ్‌లో అది నిజమే. రీబేస్‌లో తిరగబడుతుంది. మన కమిట్లను మెయిన్ మీద మళ్లీ రాస్తున్నాం కాబట్టి అక్కడ "అవర్స్" అంటే మెయిన్ వైపుది, "దెయిర్స్" అంటే మనం రాసింది. ఇది తెలియక మెయిన్‌ది ఉంచేసుకుని, రెండు రోజుల పని ఏమైందా అని వెతుక్కునేవాళ్లు ప్రతి టీమ్‌లోనూ ఉంటారు. కంగారు పడక్కర్లేదు. రీబేస్‌తో విడిచిపెట్టిన పాత కమిట్లు డిఫాల్ట్‌గా 30 రోజుల పాటు రెఫ్‌లాగ్‌లో (మన బ్రాంచ్ ఇదివరకు ఎక్కడెక్కడ ఉందో గిట్ రాసుకునే పట్టీలో) ఉంటాయి. ఇంకో కష్టం, పది కమిట్లుంటే ఒకే కాన్‌ఫ్లిక్ట్ మళ్లీ మళ్లీ ఎదురు కావచ్చు. రెరెరె సెట్టింగ్ ఆన్ చేసి పెట్టుకుంటే ఒకసారి తీర్చిన కాన్‌ఫ్లిక్ట్‌ని గిట్ గుర్తుపెట్టుకుంటుంది.

ముందే సర్వర్‌కి పంపిన బ్రాంచ్‌ని రీబేస్ చేశాక ఫోర్స్ పుష్ (అక్కడున్నదాన్ని తోసేసి మనది పెట్టడం) తప్పదు. మామూలు ఫోర్స్ వద్దు, ఫోర్స్-విత్-లీజ్ వాడండి. రిమోట్‌లో (సర్వర్ మీదున్న కాపీలో) మనం చివరిగా చూసిన స్థితి మారి ఉంటే అది పుష్‌ని ఆపేస్తుంది. ఎడిటర్లో ఆటోమేటిక్ ఫెచ్ (రిమోట్ తాజా స్థితి తెచ్చుకోవడం) ఆన్‌లో ఉంటే మాత్రం ఆ కాపలా బలహీనపడుతుంది, మనం చూడకపోయినా ఎడిటర్ "చూసేసింది" కాబట్టి. 2020 డిసెంబర్లో వచ్చిన ఫోర్స్-ఇఫ్-ఇన్‌క్లూడ్స్ ఆప్షన్ ఆ కంత పూడ్చడానికే.

ఇక స్క్వాష్. 2016లో గిట్ కోడ్ దాచుకునే సైట్ గిట్‌హబ్‌లో స్క్వాష్ బటన్ వచ్చింది. నాకు తెలిసిన చాలా కంపెనీల్లో మర్జ్, రీబేస్ బటన్లు రెండూ తీసేసి ఇదొక్కటే ఉంచారు. మేనేజర్లకి నచ్చడంలో వింత లేదు: ఒక జిరా టికెట్ (పని చీటీ), ఒక పుల్ రిక్వెస్ట్, ఒక కమిట్. రివర్ట్ చేయడం (మార్పుని వెనక్కి తీసుకోవడం) తేలిక. ఇరవై లైన్ల మార్పుకి ఇది చక్కటి పద్ధతి.

పెద్ద మార్పుకి ఏమవుతుందో మా టీమ్‌లో ఒక సంక్రాంతికి కళ్లారా చూశాం. తెలుగువాళ్లం చాలామందిమి ఊళ్లకి బయల్దేరాం, ఆన్-కాల్‌లో (ఏ వేళైనా సమస్యలు చూసే డ్యూటీలో) ఉన్నది కొత్తగా చేరిన అమ్మాయి. ఆ రాత్రి ఇన్వాయిస్ మొత్తాలకీ లెడ్జర్‌కీ ఒక పైసా తేడా వచ్చి రెంటినీ సరిపోల్చే రికన్సిలియేషన్ జాబ్ ఆగిపోయింది. తనేం తడబడలేదు. తేడా వచ్చిన ఇన్వాయిస్ ఒకటి తీసి చిన్న టెస్టు రాసి, బైసెక్ట్ రన్‌కి ఇచ్చింది. నిమిషాల్లో కమిట్ దొరికింది. మా లీడ్ విజయవాడ బస్సులో ఉన్నాడు, తను అతనికి ఫోన్ చేసి, "అన్నా, కమిట్ దొరికింది గానీ ఇందులో నలభై ఫైళ్లున్నాయి, ఏది చూడను?" అంది. పలమనేరు దాటాక సిగ్నల్ పోయింది.

ఆ స్క్వాష్ కమిట్ పేరు "ఇన్వాయిస్ రీఫాక్టర్". అందులో ఫార్మాటింగ్ ఉంది, పేర్ల మార్పులున్నాయి, లైబ్రరీ అప్‌గ్రేడ్ ఉంది. వాటి మధ్యలో, పైథాన్‌లో మొత్తాన్ని పైసల దాకా కుదించే డెసిమల్ క్వాంటైజ్‌కి రౌండింగ్ హాఫ్-అప్ అని ఇచ్చిన ఆర్గ్యుమెంట్‌ని ఎవరో అనవసరం అనుకుని తీసేశారు. పైథాన్ డిఫాల్ట్ హాఫ్-ఈవెన్ (సరిగ్గా సగం వస్తే సరి అంకె వైపు). హాఫ్-అప్‌లో 12.345 అంటే 12.35, హాఫ్-ఈవెన్‌లో 12.34. ఆ ఒక్క లైను పట్టుకోవడానికి తెల్లారింది. రాసిన మనిషి ఎప్పుడో వెళ్లిపోయాడు. బ్రాంచ్ డిలీట్ అయింది. పాత పుల్ రిక్వెస్ట్ పేజీలో విడి కమిట్లు ఉండాలి, కానీ ఆ మధ్య రిపోజిటరీని ఒక హోస్టింగ్ నుంచి ఇంకోదానికి మార్చినప్పుడు పుల్ రిక్వెస్టులు రాలేదు, కోడే వచ్చింది. అదే నాలుగు కమిట్లుగా మర్జ్ అయి ఉంటే బైసెక్ట్ నేరుగా ఆ లైను ముందు నిలబెట్టేది.

అందుకని నా తీర్పు ఇది. ఎవరూ చూడని బ్రాంచ్ మీద రీబేస్. రివ్యూ మొదలయ్యాక రీబేస్ ఆపేయాలి. అప్పుడు చరిత్ర మారిస్తే, తను నిన్న చదివిందేది, ఇవాళ కొత్తగా వచ్చిందేది అన్నది రివ్యూ చేసేవాళ్లకి తెలియదు, కామెంట్లు కూడా చోటు తప్పుతాయి. మెయిన్ నుంచి ఏదైనా కావాల్సి వస్తే మర్జ్ చేసుకోండి. మెయిన్‌లోకి వెళ్లేటప్పుడు మార్పుకి కారణం ఒక్కటే అయితే స్క్వాష్, ఒకటికి మించితే శుభ్రం చేసిన కమిట్లతో మర్జ్ కమిట్. మూడు బటన్లూ ఉంచి, ఏది నొక్కాలో రివ్యూ చేసినవాళ్లకి వదిలేయడం టీమ్‌కి మేలు. ఇద్దరే ఉన్న టీమ్ అయితే ఎప్పుడూ రీబేస్ చేసుకున్నా ఇబ్బంది లేదు. గిట్ అంటే ఇంకా భయం పోని ఫ్రెషర్ అయితే మర్జ్‌తోనే కొన్నాళ్లు సాగమంటాను, దానివల్ల ఎవరి పనీ పోదు.

ఇప్పుడు ఏఐ అసిస్టెంట్లు కమిట్ మెసేజ్ కూడా రాసి పెడుతున్నాయి. ఏం మారిందో చక్కగా రాస్తాయి, అది డిఫ్‌లో (పాత, కొత్త కోడ్‌ల తేడాలో) ఎలాగూ కనిపిస్తుంది. ఎందుకు మార్చామన్నది మనం చెబితే తప్ప వాటికీ తెలియదు. ఆ ఒక్క వాక్యం చేత్తో రాయండి.

మీ కంపెనీలో స్క్వాష్ బటన్ ఒక్కటే ఉంటే ఏం చేయాలని చాలామంది అడుగుతారు. అప్పుడు పుల్ రిక్వెస్టునే విడగొట్టాలి. ఫార్మాటింగ్‌కి వేరే పుల్ రిక్వెస్ట్ పెట్టి, ఆ కమిట్ హ్యాష్‌ని బ్లేమ్-ఇగ్నోర్-రెవ్స్ ఫైల్లో చేర్చండి. ఏ లైను ఏ కమిట్‌లో మారిందో చూపే గిట్ బ్లేమ్ 2019 నుంచి అలాంటి కమిట్లను దాటుకుని వెనక్కి చూడగలుగుతోంది. స్క్వాష్ పెట్టెలో గిట్‌హబ్ నింపి ఇచ్చే "ఫిక్స్, ఫిక్స్ 2, రివ్యూ కామెంట్స్" జాబితాను అలాగే వదిలేయకుండా తుడిచేసి కారణం రాయండి. మొదటి బ్రాంచ్ మీద రెండో బ్రాంచ్ కట్టుకుని ఉంటే, మొదటిది స్క్వాష్ అయిన వెంటనే రెండోదాన్ని రీబేస్ ఆన్‌టు ఆప్షన్‌తో మెయిన్ మీదికి మార్చుకోండి. లేదంటే మన మార్పులతో మనకే కాన్‌ఫ్లిక్టులు వస్తాయి.